రక్తానికి సర్దడం తెలీదు

జూన్ 4, మంగళవారం

ఈ రోజు పళ్ళ డాక్టరు నా నోట్లోకి లైటు వేసి చూసి, "ఇంత శ్రద్ధగా తోముకునే మనిషికి ఇన్ని పుచ్చులేమిటండీ?" అన్నాడు. మొదటి సగానికి సంతోషించాను. రెండో సగానికి బదులు చెబుదామంటే నోరు తెరిచి ఉంది.

అతని చేతిలోని చిన్న అద్దం నా బుగ్గ లోపలివైపు అతుక్కుపోయింది. కవరు మీది స్టాంపు ఊడదీసినట్టు మెల్లగా ఊడదీశాడు. తర్వాత వరసగా ప్రశ్నలు. నీళ్ళు లేకుండా బిస్కెట్ తినగలరా? ఎలా తింటాం, ఎవరైనా నీళ్ళు పెట్టుకునే కదా తింటారు అన్నాను. అతను కంప్యూటరులో ఏదో కొట్టాడు. కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటుందా? ఉంటుంది, మా ఇంటి ముందు రోడ్డు అలాంటిది. మళ్ళీ ఏదో కొట్టాడు. ఏడిస్తే కన్నీళ్ళు వస్తాయా?

"ఏడవడానికి తీరిక ఎక్కడిదండీ" అన్నాను. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

కీళ్ళ డాక్టరుకి చూపించుకోమని చీటీ రాసిచ్చాడు. పళ్ళకీ కీళ్ళకీ సంబంధం ఏమిటో. రక్తపరీక్ష ఒకటి చేయిస్తే తెలుస్తుందట.

ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టాను. ఆ ఆఖరి ప్రశ్న గురించి పెద్దగా ఆలోచించలేదు. అత్తయ్య పోయినరోజు వదిన, అంటే మా ఆయన అక్కయ్య, అన్న మాట నేనెప్పుడో మర్చిపోయాను. "కళ్ళా అవి, గాజుగోళీలా? ఒక్క చుక్క రాల్చలేదు." నలుగురూ వినేలాగే అంది. నాలుగు నెలలు దాటింది. మర్చిపోయిన మాటని మళ్ళీ ఇక్కడ రాయడం దండగ.

జూన్ 5, బుధవారం

కిటికీ తెరలు ఉతికాను. వదిన సంగతి గుర్తు రాలేదు.

జూన్ 8, శనివారం

ఆయనకి చీటీ సంగతి చెప్పాను. ఆయన రోజంతా కొత్తవాళ్ళకి కారు నడపడం నేర్పించి వస్తారు. ఇంటికొచ్చాక కూడా కాలు బ్రేకు మీదే ఉంటుంది.

"పళ్ళ డాక్టరు పళ్ళు చూడాలి గానీ కన్నీళ్ళ సంగతి అతనికెందుకు?"

"నోట్లో తడి లేదట."

"నీ నోట్లోనా?" అని కళ్ళద్దాలు తీశారు. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఒక డాక్టరు చెబితే తెలిసింది. నేను వినే మాటలన్నీ తడి లేకుండానే వస్తున్నాయన్నమాట. తడి ఉంటే ఇంకెన్ని వచ్చేవో!"

దిండు విసిరాను. పట్టుకుని తల కింద పెట్టుకున్నారు. కాసేపటికి, "వెళ్ళు. చూపించుకో. నేనూ వస్తాను" అన్నారు.

పడుకునేముందు అడిగారు. "అక్కయ్యకి ఫోన్ చేసినప్పుడు చెప్పనా?"

వద్దన్నాను. రక్తపరీక్ష అయ్యాక, కాగితం చేతికి వచ్చాక చెబుదాం. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి. పని పూర్తికాకుండా చాటింపు వేయడం నాకు ఇష్టం ఉండదు, అంతే.

జూన్ 11, మంగళవారం

కీళ్ళ డాక్టరమ్మ నా ఈడుదే. బల్ల మీద కాగితాలు కుప్పలుగా ఉన్నాయి. మాట్లాడుతున్నంతసేపూ వాటి అంచులు సరిచెయ్యాలని నా చేతులు లాగాయి. చివరికి ఒక కుప్ప సరిచేశాను. ఆవిడ చూసి మిగతావి తనవైపు జరుపుకుంది.

బాగా విడమరిచి చెప్పింది. ఒంట్లో బయటి క్రిములని పట్టుకోడానికి కాపలా ఉంటుందట. ఒక్కోసారి ఆ కాపలాకి మతి చెడి, లాలాజలం ఊరే చోటునీ కన్నీళ్ళు ఊరే చోటునీ పరాయివాళ్ళనుకుని మీద పడుతుంది. అలా పడేవాటిలో యాంటీబాడీలని ఉంటాయి, అవి రక్తంలో కనిపిస్తాయి.

"ఇంటి కుక్క ఇంట్లోవాళ్ళనే కరిచినట్టా?" అన్నాను.

"సరిగ్గా అంతే. దాని పళ్ళ గుర్తులు రక్తంలో దొరుకుతాయేమో వెతుకుతాం. ముఖ్యంగా వెతికేదాని పేరు యాంటీ-రో. కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. గుర్తు దొరకనంత మాత్రాన కుక్క కరవలేదని కాదు, ఈ జబ్బున్న కొందరికి అది కనపడదు. దొరికినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. కొందరి రక్తంలో అది ఊరికే ఉంటుంది, వాళ్ళు హాయిగా ఉంటారు. అందుకని కళ్ళనీ నోటినీ కూడా విడిగా కొలవాలి. మూడూ కలిపి చూసి చెబుతాను."

జబ్బు పేరు షోగ్రెన్. కుర్చీలు చేసే కంపెనీలా ఉందన్నారు ఆయన బయటికి వచ్చాక.

రక్తం తీసే అమ్మాయి నరం వెంటనే పట్టుకుంది. మెచ్చుకున్నాను. రిపోర్టు రావడానికి వారం పైన పడుతుంది. కళ్ళకీ నోటికీ శుక్రవారం రమ్మన్నారు. వచ్చేటప్పుడు పాటించాల్సినవి ఒక కాగితం మీద ఉన్నాయి, సంచిలో పెట్టాను.

జబ్బు ఉండాలని ఎవరైనా కోరుకుంటారా? నేనూ కోరుకోవడం లేదు. ఒకవేళ ఉంటే మాత్రం, అప్పటికే ఉందా అని డాక్టరుని అడగాలి. అంటే, ఫిబ్రవరికి.

జూన్ 14, శుక్రవారం

పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అలాంటి కళ్ళతో పరాయి మనిషి ముందు ఎలా కూర్చుంటాం? మందుల షాపులో కళ్ళు తేటపడే చుక్కలు తీసుకుని, ఆస్పత్రి వరండాలోనే రెండు కళ్ళలోనూ వేసుకున్నాను. నోరు పుక్కిలించాను. వాసన రాకుండా ఒక నిమ్మకాయ బిళ్ళ చప్పరించాను. మనల్ని చూసేవాళ్ళ సుఖం కూడా మనం చూడాలి.

కళ్ళ కింది రెప్పల్లో సన్నటి కాగితం ముక్కలు దోపారు. కళ్ళు మూసుకుని కూర్చోవాలి. తడి ఎంతదాకా పాకితే అంత. తర్వాత ఒక చిన్న గ్లాసిచ్చి ఊరిన ఉమ్మి ఊరినట్టు అందులో వెయ్యమన్నారు. నలుగురిలో ఉమ్మడం అలవాటు లేక సిగ్గేసింది గానీ, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చేశాను.

కొలిచిన కుర్రది సంతోషంగా చెప్పింది. "రెండూ నార్మల్ అండీ! కాగితం బాగా తడిసింది."

ఆయన దారిలో కేకు కొన్నారు. పండగ చేసుకుందామన్నారు. నాకు ముక్క గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగితే దిగింది.

"మంచి కబురు వింటే మొహం అలా పెట్టుకుంటారా ఎవరైనా?" అన్నారు.

నా మొహం బాగానే ఉంది.

జూన్ 15, శనివారం

ఏమీ లేదట. మంచిదే కదా.

జూన్ 16, ఆదివారం

అత్తయ్య గది మళ్ళీ తుడిచాను. దుమ్మేమీ లేదు. అయినా తుడిచాను.

నా వైపు నుంచి ఎక్కడ లోటు జరిగిందో ఒకసారి వరసగా చూసుకుందామని కూర్చున్నాను. ఎనిమిదేళ్ళు ఆవిడ ఈ గదిలో ఉంది. మందులు, స్నానం, దువ్వెన, వార్తలు చదివి వినిపించడం, అన్నీ నావే. నన్ను పేరుతో పిలిచేది కాదు. "మేనేజరమ్మా" అనేది. కోపం వస్తే "మేనేజరుగారూ" అనేది. పోయిన రోజు పొద్దున కూడా అలాగే పిలిచింది.

వదిన రైలు దిగి వచ్చేసరికి సాయంత్రం అయింది. వచ్చేవాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండకూడదని ఆలోపు మొత్తం సిద్ధం చేశాను. గది కడిగించాను. దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి ఆరేశాను. బట్టలు మూటలు కట్టి వృద్ధాశ్రమానికి పంపించేశాను. మందులు తిరిగి ఇవ్వగలిగినవి ఇచ్చేశాను. అత్తయ్యకి కొత్త చీర కట్టించి హాల్లో పడుకోబెట్టించాను. కుర్చీలు తెప్పించి చుట్టూ వేయించాను, అందరికీ టీ అందింది. ఆ రోజు మా ఇంట్లో ఏ వస్తువు కావాలన్నా చీకట్లో కూడా దొరికేది.

వదిన ఆ గది గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. అడుగు పెట్టలేదు. అప్పుడే ఆ మాట అంది.

ఎంత వెతికినా లోటు కనబడలేదు. కన్నీళ్ళు తప్ప. అవి ఎందుకు రాలేదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. కాగితం బాగా తడిసింది.

జూన్ 17, సోమవారం

టీలో చక్కెర బదులు ఉప్పు వేశాను. ఆయన తాగేశారు. తాగాక చెప్పారు.

జూన్ 20, గురువారం

డాక్టరమ్మ రక్తం రిపోర్టు ముందు పెట్టుకుని, దాని పక్కన కళ్ళ, నోటి కాగితాలు పెట్టుకుని, అటూ ఇటూ చూస్తోంది.

"యాంటీ-రో పాజిటివ్. కొంచెం కాదు, బాగా. కానీ మీ కళ్ళూ నోరూ చూస్తే అసలేమీ జరగనట్టు ఉన్నాయి. పళ్ళ డాక్టరు రాసినది చూస్తే అద్దం బుగ్గకి అతుక్కుంది. వీటికి ఒకదానికొకటి పొసగడం లేదు. ఇలాగే ఉంటే కింది పెదవి లోపల చిన్న ముక్క తీసి చూడాల్సి వస్తుంది."

పెదవి అనగానే ఆయన నా వైపు చూశారు. నేను పెదవులు బిగించాను.

"శుక్రవారం ఇక్కడికి వచ్చేముందు ఏమైనా తిన్నారా?"

"ఏమీ లేదు. నిమ్మకాయ బిళ్ళ ఒకటి."

"ఊఁ. నీళ్ళు?"

"పుక్కిలించాను. కాస్త తాగాను."

"కళ్ళలో ఏమైనా వేసుకున్నారా?"

"చుక్కలు. ఎర్రగా ఉంటేనూ."

"మా వాళ్ళిచ్చిన కాగితంలో ఇవేవీ చెయ్యొద్దని ఉంటుంది కదండీ."

ఆ కాగితం సంచిలో చక్కగా నాలుగు మడతల్లో ఉంది. నలగకుండా దాచాను. చదవలేదు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది. "దొంగతనం జరిగిన ఇంటిని, పోలీసులు వచ్చేలోపు ఊడ్చి తుడిచి ముగ్గు కూడా పెట్టారన్నమాట! మేమొచ్చి ఇక్కడేమీ పోలేదని రాసుకుని వెళ్ళాం. మీ అదృష్టం, రక్తానికి సర్దడం తెలీదు."

ఆయన పడీపడీ నవ్వారు. డాక్టరు ముందు అలా నవ్వడమేమిటి. "ఈవిడ పనిమనిషి వచ్చేముందు ఇల్లు ఊడుస్తుందండీ" అన్నారు. అది నిజం కాదు. పైపైన ఊడుస్తాను.

రేపు మళ్ళీ రమ్మంది. పొద్దున్నించి ఏమీ లేకుండా, ఎలా ఉంటే అలా.

లేచేముందు అడిగాను. "ఇది ఎప్పటినుంచి ఉందో ఈ కాగితం చెబుతుందా? ఫిబ్రవరిలో ఒకరు పోయారు. నాకు కన్నీళ్ళు రాలేదు. దీనివల్లేనా?"

ఆవిడ నవ్వు ఆపింది. "చాలా ఏళ్ళుగా ఉండే ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్ళలో కొందరికి ఏడుపొచ్చినా కన్నీళ్ళు రావు, కొందరికి వస్తాయి. మీకు ఆ రోజు ఎందుకు రాలేదో నేను రాసివ్వలేనండీ. అది రక్తంలో దొరకదు."

జూన్ 21, శుక్రవారం

నీళ్ళు లేవు, చుక్కలు లేవు, బిళ్ళ లేదు. మొహం మొహంలా లేదు. కాగితం ముక్క దోపిన చోటే పొడిగా కూర్చుంది, కొలిచిన అమ్మాయి రెండుసార్లు చూసుకుంది. గ్లాసు అడుగు కూడా సరిగా తడవలేదు.

ఇప్పుడు అన్నీ పొసిగాయి. పెదవి కొయ్యక్కర్లేదు. జబ్బు ఉంది.

"చాలా థాంక్సండీ" అన్నాను. డాక్టరమ్మ నా వైపు వింతగా చూసింది. ఈ మాట విని సంతోషించిన మనిషిని నేనింతవరకూ చూడలేదంది. పూర్తిగా పోయేది కాదట, కానీ కనిపెట్టుకుని ఉంటే మనిషిని మంచాన పడేసేదీ కాదట. కళ్ళకి వేరే రకం చుక్కలు, పళ్ళకి పూత, దగ్గర ఎప్పుడూ నీళ్ళసీసా, వేళకి పరీక్షలు. కనిపెట్టుకుని ఉండటం నాకు చెప్పాలా?

రిపోర్టుకి రెండు జిరాక్సులు తీయించాను. ఒకటి ఇంట్లోకి. ఇంకోటి ఊరికే.

జూన్ 23, ఆదివారం

పొద్దున్నే రైలెక్కి వదిన ఇంటికి వెళ్ళాను. ఆయన వస్తానన్నారు, వద్దన్నాను.

వదిన స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మిషను చుట్టూ నీలం గుడ్డ ముక్కలు, దారాలు, టీ తాగి వదిలేసిన కప్పులు. కూర్చోడానికి కుర్చీ మీంచి నిక్కర్ల దొంతర తియ్యాల్సి వచ్చింది. తీసి, సైజుల వారీగా పెట్టబోయి ఆగాను.

"ఏమే, దారి తప్పావా?" అంది, మిషను ఆపకుండా.

జిరాక్సు చేతికిచ్చాను. కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకుని చదివింది. పైనుంచి కిందికి, మళ్ళీ పైకి.

"ఏమిటిది? నీకు కళ్ళు లేవని సర్టిఫికెట్టా?"

"కన్నీళ్ళు ఊరవు వదినా. రక్తంలో తేలింది. ఆ రోజు మీరన్నారు కదా, ఒక్క చుక్క రాల్చలేదని. అదీ సంగతి."

వదిన కాగితం మడిచి మిషను మీద పెట్టింది.

"నీ ఏడుపు ఎవడిక్కావాలే?" అంది. "ఏడవడానికి నేను లేనా? నేను మా అమ్మని చూడ్డానికి రైలెక్కి వచ్చాను. హాల్లో కొత్త చీరలో ఎవరో ఉన్నట్టుంది, గది గుమ్మంలోకొస్తే హోటలు గది. దిండు గలీబు దండెం మీద ఆరుతోంది. చీరలు లేవు, చెప్పులు లేవు, ఆవిడ తాగి వదిలేసిన గ్లాసు లేదు. అమ్మ వాసన చూద్దామంటే ఫినాయిలు కొడుతోంది. ఎక్కడ తల పెట్టుకుని ఏడవనే నేను? దేనికేసి చూసి ఏడవను? అంత కోపం వచ్చి నోటికి ఏదొస్తే అది అన్నాను. కళ్ళని అన్నాను. చేతులని అనాల్సింది."

నాలుక అంగిట్లో అతుక్కుంది. ఈ జబ్బుకి అలాగే ఉంటుంది.

వదిన లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "తాగు" అంది. గ్లాసు పైన వేలిముద్రలు ఉన్నాయి. తాగాను.

"మీకు ఇబ్బంది లేకుండా ఉండాలని చేశాను వదినా."

"తెలుసులే. నువ్వు చెడ్డదానివైతే నాలుగు నెలలు ఎందుకు మండుతాను? ఒక్క రోజులో మర్చిపోదును." మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది. "వచ్చే ఆదివారం వస్తాను. ఇల్లు సర్దావని తెలిసిందా, గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాను. చెబుతున్నా."

తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. దుమ్ము కళ్ళలో పడుతున్నా కిటికీ మూయలేదు. వదిన అన్నదాంట్లో అన్నీ నిజం కాదు. ఫినాయిలు ఆ రోజు తక్కువే వేయించాను.

జూన్ 24, సోమవారం

తక్కువేమీ కాదు. సీసా మొత్తం.

జూన్ 29, శనివారం

ఆయన చొక్కా కుర్చీ మీద ఉంది. వార్తాపత్రిక నేల మీద ఉంది. ఉండనీ. వంటింట్లోకి వెళ్ళడం ఇష్టం లేక హాల్లోనే కూర్చున్నాను, హాలు చూడటం ఇష్టం లేక కళ్ళు మూసుకున్నాను. "ప్రాణం ఎలా ఉందోయ్?" అని గంటకోసారి అడిగి వెళ్తున్నారు ఆయన. ఆయనకిది పెద్ద వినోదం. పైగా ఒక సాక్సు తెచ్చి కావాలని సోఫా మీద వేశారు.

జూన్ 30, ఆదివారం

వదిన వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. నిన్నటి కప్పులు, చొక్కా, సాక్సు, అన్నీ చూసింది.

"ఈ ఒంటి సాక్సేమిటే?"

"మీ తమ్ముడి అలంకరణ."

చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. నేరుగా అత్తయ్య గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. "ఆ రోజు సంగతి చెప్పు. పొద్దున్నించి."

నేను మొదలుపెట్టాను. ఎన్నింటికి లేచింది, ఏ మందు వేశాను, బీపీ ఎంత. వదిన చెయ్యెత్తింది. "రిపోర్టు చదవకు. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పు."

వరస లేకుండా చెప్పడం నాకు చేతకాదు. కానీ చెప్పాను. వార్తలు చదువుతుంటే మంత్రిని తిట్టింది. దువ్వెన గుచ్చుకుందని నన్ను తిట్టింది. కాళ్ళు చల్లగా ఉన్నాయంటే నా ఒళ్ళో పెట్టుకున్నాను, ముందురోజు మాత్రం కిటికీ పక్కన కూర్చుని యాపిలు తింది, సగం దాచింది, దాచిన సగం దిండు కింద దొరికింది. ఏది ముందో ఏది వెనకో కలిసిపోతూ ఉంటే వదిన నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వింది.

అప్పుడడిగింది. "నన్నడిగిందా?"

జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఫిబ్రవరి నుంచీ ఉంది. అడిగింది వదినా, మీ పేరే తలుచుకుంది. చక్కగా మడతపెట్టిన జవాబు, చేతికివ్వడమే తరువాయి. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

"లేదు" అన్నాను. "నన్ను పిలిచింది. 'మేనేజరమ్మా, పాలు పొంగుతున్నట్టున్నాయి చూడు' అంది. నేను వంటింట్లోకి పరిగెత్తాను. అసలు పొయ్యి మీద పాలే లేవు. లేవు అత్తయ్యా అని చెబుదామని తిరిగొచ్చేసరికి అయిపోయింది."

వదిన మొహం కొంగులో దాచుకుంది. ఎంత పాడు చేశానో అనుకున్నాను. అంతలో ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత నిజంగానే ఏడ్చింది, మళ్ళీ నవ్వింది.

"పాలు పొంగుతున్నాయనా! పోతూ పోతూ వంటింటికి పరిగెత్తించింది నిన్ను! అమ్మే, అచ్చం అమ్మే" అని నా భుజం మీద తల పెట్టింది. నా జాకెట్టు భుజం దగ్గర మొత్తం తడిసింది. నా కళ్ళు మండాయి, అంతే. కదలకుండా కూర్చున్నాను. ఇద్దరికీ కావలసినంత ఆవిడ దగ్గరే ఉంది.

భోజనానికి ఉండిపోయింది. బంగాళాదుంపలు తనే తరుగుతానంది. ఒక ముక్క వేలంత, ఒకటి గోరంత. చిన్నవి మాడాయి, పెద్దవి ఉడకలేదు. ఆయన నా మొహం చూస్తున్నారు, ఏమంటానోనని. పక్కన నీళ్ళసీసా పెట్టుకుని, గుక్క తాగుతూ ముక్క తింటూ, ప్లేటు ఖాళీ చేశాను. ఇంకొంచెం వెయ్యమన్నాను.